అట్టపెట్టెలో సముద్రం అడుక్కి: పిల్లల అలవిగాని పథకాల లెక్క ఏమిటి?

"నానా, నేను ములిగే ఓడ కడతాను. తాబేళ్ళు గుడ్లెట్టీసి ఎక్కడికెళ్ళిపోతన్నాయో సూసొస్తాను."

ఒడిశాలో గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య నది మొగ దాకా ఉన్న గంజాం తీరంలో ఒక ఆరేళ్ళ పాప ఈ మాట అందనుకుందాం. అక్కడి చేపలవాడల్లో ఇంటి భాష తెలుగు, బడి భాష ఒడియా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మందలు మందలుగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టడం పిల్లలు కళ్ళారా చూస్తారు. ఇప్పుడు దానికి వార్తలు తోడయ్యాయి. మత్స్య-6000 అనే వాహనంలో ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు దింపాలని మన దేశం సముద్రయాన్ పథకం పెట్టుకుంది. 2025 ఆగస్టులో ఫ్రాన్స్ వాళ్ళ 'నాటిల్' అనే లోతుల్లో దిగే వాహనంలో మనవాళ్ళు 5,000 మీటర్ల లోతు దాకా దిగి వచ్చారు. ఆ వీడియో ఫోన్లో చూసిన పిల్ల, మర్నాడు పక్కింటికి వచ్చిన వాషింగ్ మెషీన్ అట్టపెట్టెలో దూరి, కిటికీ కోసిపెట్టమని కూర్చుంటుంది.

ఇంట్లో సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని నాయనమ్మ. "మా అమ్మి సైంటిస్టయిపోద్ది" అని తండ్రి, ఫొటో తీసి స్టేటస్‌లో పెడుతూ. ఈ రెండూ ఎదురెదురు మాటల్లా కనిపిస్తాయి. నిజానికి ఇద్దరూ మాట్లాడింది పిల్ల గురించే. ఓడ సంగతి ఎవరూ అడగలేదు.

ఆటా, కట్టుబడీ: ఒకే పెట్టెలో రెండు పనులు

పెద్దల తికమకంతా ఇక్కడే మొదలవుతుంది. పిల్లలు ఒకే పెట్టెతో రెండు వేరు వేరు పనులు చేస్తుంటారు. ఒకటి ఊహాట: కర్రను గుర్రమనుకోవడం, పెట్టెను ఓడనుకోవడం. ఇందులో నిజంతో పని లేదు. రెండోది కట్టుబడి: ఒక వస్తువు తయారుచెయ్యాలి, అది పనిచెయ్యాలి. ఇందులో నిజమే ముఖ్యం. గంటలో పదిసార్లు పిల్లలు దీంట్లోంచి దాంట్లోకి, దాంట్లోంచి దీంట్లోకి గెంతుతారు.

ఎప్పుడు ఎందులో ఉన్నారో వాళ్ళ మాటే చెబుతుంది. "తాతా, నువ్వు తిమింగలానివి, నన్ను తరుము" అంటే ఆట. అప్పుడు "తిమింగలాలు మన ఒడ్డుకి రావమ్మా" అనడం అర్థం లేని దిద్దుబాటు. "ఇది తడిస్తే సిరుగుద్దా?" అంటే కట్టుబడి. అప్పుడు "సిరగదులే, నీ ఓడ బంగారం" అనడం ముద్దు చేస్తున్నట్టే ఉంటుంది గానీ ప్రశ్నను దాటవెయ్యడమే.

పిల్లలకు ఆటకూ నిజానికీ తేడా తెలియదనే భయం చాలామందిలో ఉంది. మూడు నాలుగేళ్ళకే చాలామంది పిల్లలు ఆ తేడా పట్టుకుంటారు. మట్టి ఇడ్లీ వండి వడ్డిస్తారు గానీ నిజంగా మింగరు. పైగా 2007లో ఆండ్రూ ష్టుల్మన్, సూసన్ కేరీ చేసిన ఒక పరిశోధన ఇంకో వింత చూపించింది. జరిగే అవకాశం తక్కువే గానీ జరగగలిగిన సంగతులను కూడా నాలుగేళ్ళ పిల్లలు "అసలు జరగవు" అని తోసిపుచ్చారు. అంటే, మనం అనుకున్నంత గుడ్డిగా ఏమీ నమ్మేయరు.

లోటు ఊహలో లేదు, కొలతలో ఉంది

మరి అదే పిల్ల సముద్రం అడుక్కి వెళ్తానని ఎందుకంటుంది? ఆరేళ్ళ వయసులో తెలియనిది పరిమాణం. ఎంత లోతు, ఎంత బరువు, ఎన్ని రోజులు, ఎంతమంది మనుషులు అనేవి. "చాలా లోతు" అనే మాటకు వాళ్ళ దగ్గర ఉన్న కొలబద్ద ఇంటి వెనక నుయ్యి. పదికీ పదివేలకూ వాళ్ళ మనసులో పెద్ద ఎడం లేదు.

అందుకే "కాదు, కుదరదు" అనే జవాబు వాళ్ళకు అంకెలా వినబడదు, మందలింపులా వినబడుతుంది. "ఔను, వెళ్ళిపో" అన్నదీ ఏ కొలతా ఇవ్వదు. పిల్ల చేతికి కొలత ఇచ్చే మాట "ఎంత?" అన్నదే.

6,000 మీటర్లనే చూద్దాం. ఆ అంకె పిల్లకు ఉత్త శబ్దం. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అలాంటి కొండలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి, తలకిందులు చేసి సముద్రంలో దింపితే సరిగ్గా మత్స్య-6000 వెళ్ళాల్సిన లోతు. దాన్నే నేల మీద పడుకోబెడితే 6 కిలోమీటర్లు: గోపాల్‌పూర్‌లో బస్సెక్కి బరంపురం వెళ్ళే దారిలో సగం కూడా కాదు. ఒకే అంకె ఒక చూపులో భయంకరంగా, ఇంకో చూపులో చిన్నగా ఉంది. ఈ రెండు బొమ్మలూ విన్నాక పిల్ల సాధారణంగా అడిగేది "మరి బస్సంత దగ్గరైతే ఎందుకెళ్ళలేం?" అని. అసలు ప్రశ్న అదే, పెద్ద ఇంజినీర్లదీ అదే. జవాబు బరువులో ఉంది: ప్రతి 10 మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆరువేల మీటర్ల దగ్గర చిటికెనవేలి గోరంత చోట 600 కిలోలు. అందుకే మత్స్యలో మనుషులు కూర్చునే గోళాన్ని 80 మిల్లీమీటర్ల మందం టైటానియంతో చేస్తున్నారు, లోపలి వ్యాసం 2.1 మీటర్లు. పిల్లలకు మిల్లీమీటర్లు చెప్పక్కర్లేదు. నాలుగు వేళ్ళు దగ్గరగా పెట్టి అడ్డంగా చూపిస్తే సుమారుగా అంత మందం.

చంద్రుడి దగ్గరికి పోతానన్న పిల్లాడి విషయంలోనూ దారి ఇదే. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరం. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున రాత్రీ పగలూ ఆగకుండా నడిచే బస్సయితే దాదాపు తొమ్మిది నెలలు. "మరి తినడానికేటి?" అని అడిగాడంటే అంకె లోపలికి దిగినట్టే.

అట్టపెట్టె ఎందుకు మునగదు

మళ్ళీ ఓడ దగ్గరికొద్దాం. పిల్లకీ పెద్దలకీ ఉండే మొదటి అంచనా ఒకటే: పెట్టె మునిగిపోతుంది, ప్రమాదం. లెక్క చేస్తే కథ అడ్డం తిరుగుతుంది.

వాషింగ్ మెషీన్ అట్టపెట్టె అటూ ఇటూ 60 సెంటీమీటర్లు, ఎత్తు 90 అనుకుందాం. అంటే 324 లీటర్ల చోటు. నీళ్ళు దూరకుండా ఎలాగో మూసేశామని ఊహిద్దాం. అది పూర్తిగా మునగాలంటే 324 లీటర్ల సముద్రపు నీటికన్నా బరువుండాలి. సముద్రపు నీరు లీటరు సుమారు 1.025 కిలోలు కాబట్టి, అది 332 కిలోలు. పిల్ల 20 కిలోలు, అట్ట 5 కిలోలు వేసుకుంటే ఇంకా 307 కిలోలు కావాలి. యాభై కిలోల సిమెంటు బస్తాలు ఆరు వేసినా ఓడ మునగదు, మూపు పైకే ఉంటుంది. పైగా ఆరు బస్తాలు వేశాక పిల్లకు చోటు మిగలదనేది వేరే సంగతి.

నిజంగా నీళ్ళలో పెడితే ఇదేదీ జరగక ముందే అట్ట నాని చిరుగుతుంది. కానీ "ముంచడమే కష్టం" అన్న ఈ ఒక్క సంగతి పథకాన్ని మలుపు తిప్పుతుంది. ఇప్పుడు పిల్ల ముందున్న పని సముద్రం కాదు: ఒక వస్తువును అనుకున్నప్పుడు ముంచడం, అనుకున్నప్పుడు తేల్చడం. అది ఇంటి ముంగిట్లో చెయ్యగల పని.

చేపలవాడల్లో ఈ పాఠం ప్రతి ఇంట్లో వేలాడుతూనే ఉంటుంది. వల పై తాడుకు బెండ్లు, కింది తాడుకు బరువులు. బెండ్లు ఎక్కువైతే వల తేలిపోతుంది, బరువులు ఎక్కువైతే అడుక్కి జారిపోతుంది. ఎన్నింటికి ఎన్ని కట్టాలో తాతకు చేతివాటుగా తెలుసు. ఆయన దాన్ని సైన్సనుకోడు. పిల్ల అడిగితే తప్ప ఆ లెక్క పైకి రాదు.

సీసా ఓడ: ఏమేం కావాలి, ఎక్కడ చెడుతుంది

మొదటి మెట్టు లీటరు ప్లాస్టిక్ సీసా, ఎండిన ఇసుక, బకెట్టు నీళ్ళు. ఖాళీ సీసా మూత బిగించి వదిలితే తేలుతుంది. ఎంత ఇసుక పోస్తే మునుగుతుందో ముందు పిల్లనే చెప్పమంటే చాలామంది "కొంచెం" అంటారు, గుప్పెడు చూపిస్తారు. నిజానికి సీసాలో మూడింట రెండు వంతులు, అంటే కిలో దాటిన ఇసుక పడుతుంది. గుప్పెడు గుప్పెడుగా పోస్తూ ప్రతిసారీ నీళ్ళలో పెట్టి చూడటం విసుగు పని. ఆ విసుగులోనే కొలత దొరుకుతుంది కాబట్టి పెద్దలు తొందరపడి సగం దాకా పోసెయ్యకపోతే మేలు. సముద్రపు నీళ్ళు బకెట్టుతో తెచ్చి చూస్తే అదే సీసా మునగడానికి ఇంకో పాతిక గ్రాములు కావాలి. ఉప్పునీరు ఎక్కువగా తేలుస్తుందని చెంచాతో తేలిపోయిందన్నమాట.

రెండో మెట్టు అసలు జలాంతర్గామి సూత్రం. అర లీటరు సీసా అడుగు దగ్గర పెన్సిలంత లావు రంధ్రాలు మూడు. అడుగు చుట్టూ 200 గ్రాముల ఇనప నట్లు, పాత సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి. మూతకు ఒక రంధ్రం, దాంట్లోంచి చేపల తొట్టెలకు వాడే సన్న పైపు ఒక మీటరు. నీళ్ళలో నిలువుగా వదిలితే కింది రంధ్రాల్లోంచి నీళ్ళెక్కి, గాలి పైపులోంచి పోయి సీసా దిగుతుంది. పైపులోకి ఊదితే గాలి నీళ్ళను కిందికి తోసి సీసా లేస్తుంది. పైపు చివర వేలితో నొక్కి పట్టుకుంటే ఉన్న స్థితి మారదు.

ఇది మొదటిసారే పనిచెయ్యడం అరుదు, కారణాలు నాలుగైదే. ఓడలా అందంగా ఉంటుందని సీసాను పడుకోబెట్టి కడితే మునగదు. గాలి పైభాగంలో చిక్కుకుపోతుంది, పైపు దాకా రాదు. నట్లు 600 గ్రాములు కట్టేస్తే ఎంత ఊదినా లేవదు, ఎందుకంటే అర లీటరు గాలి ఎత్తగలిగేది అర కిలోయే. నట్లు ఒక పక్కకే ఉంటే ఒరిగిపోతుంది. మూత రంధ్రం వదులుగా ఉంటే ఊదిన గాలి అక్కడే బుడగలైపోతుంది. ఎంసీల్ పెట్టి సరిచేద్దామనుకుంటారు గానీ మూత ప్లాస్టిక్కుకు అది గట్టిగా పట్టదు. రంధ్రమే పైపుకన్నా వెంట్రుకవాసి చిన్నగా చేసి పైపును బిగుతుగా దూర్చడం మంచిది. రంధ్రాలు చెయ్యడం పెద్దల పని: కాల్చిన మేకుతో, ఆరుబయట, పిల్ల దూరంగా ఉండగా. వాడేసిన సెలైను పైపులు ఎంత సులువుగా దొరికినా నోట పెట్టేవి కావు.

వల బరువులు చాలావరకు సీసంతో చేసినవి. సీసం పిల్లల ఒంట్లో చేరితే మెదడుకు చేటు. కాబట్టి చూపించడానికి సరే గానీ పిల్ల చేతికి ఇనప నట్లే ఇవ్వడం క్షేమం.

ఇక అట్టపెట్టె మాటేమిటి? అది ఒడ్డునే ఉంటుంది, ఊహాటకు. సీసా మునిగేది నిజం, పెట్టెలో కూర్చుని దాన్ని నడిపేది కెప్టెను. ఈ రెండూ కలవడానికి పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు.

సాయం ఎక్కడ ఆగాలి

గోడ లేచేటప్పుడు మేస్త్రీలు వెదుళ్ళతో సారవ కడతారు. గోడ నిలబడ్డాక విప్పేస్తారు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు చెక్కముక్కలతో పిరమిడ్ కట్టేటప్పుడు పెద్దల సాయం ఎలా ఉండాలో పరిశీలించి, దానికి సరిగ్గా ఈ సారవ పోలికే పెట్టారు. వాళ్ళు గుర్తించిన పనుల్లో పిల్లకు మించిన భాగాన్ని పెద్దలు పట్టుకోవడం, పిల్లకు అందే భాగాన్ని పిల్లకే వదలడం ముఖ్యం. సీసా ఓడలో మేకు, కత్తి పెద్దలవి. ఎన్ని నట్లు, ఎక్కడ, ఇప్పుడేం చేద్దాం అన్నవి పిల్లవి.

చెడేది ఎక్కువగా ఈ గీత దగ్గరే. బడి ఎగ్జిబిషన్లలో బజారులో కొన్న నమూనాలు, తండ్రి రాత్రంతా కూర్చుని అంటించిన థర్మకోల్ రాకెట్లు అందరూ చూసినవే. పని పెద్దల చేతికి వెళ్ళిపోయిందనడానికి ఒక గుర్తుంది: పిల్ల "నేను చేస్తా" అనడం మానేసి "అయిపోయిందా?" అని అడగడం మొదలుపెడుతుంది.

ముందే చెప్పేయడం కూడా ఒక రకం లాక్కోవడమే. 2011లో ఎలిజబెత్ బొనావిట్జ్ బృందం నాలుగు దాగిన ఉపాయాలున్న బొమ్మను నాలుగైదేళ్ళ పిల్లలకిచ్చింది. "ఇదిగో, ఇలా లాగితే కీచుమంటుంది" అని గురువులా చూపించిన పిల్లలు ఎక్కువగా అదే చేస్తూ ఉండిపోయారు. చూపించకుండా వదిలినవాళ్ళు మిగతావీ కనుక్కున్నారు. అలాగని అసలేమీ చెప్పకూడదని దీని అర్థం కాదు. సీసం సంగతి, కత్తి సంగతి కనుక్కోనివ్వాల్సినవి కావు.

మెచ్చుకోలు, బహుమతి: పరిశోధనలు చెప్పిందెంత

1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు గియ్యడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పింది. తర్వాత స్వేచ్ఛగా వదిలినప్పుడు ఆ పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. ఇష్టమైన పనికి ముందే కూలి కడితే ఇష్టం కూలి కిందకి మారిపోతుందన్నమాట. "ఓడ కడితే చాక్లెట్" అనే మాట అందుకే తేడా చేస్తుంది.

మెచ్చుకోలు విషయంలో 1998 నాటి క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ పని పేరుమోసింది: "నువ్వు తెలివైనదానివి" అని పొగడ్త పొందిన పిల్లలు, "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్ళకన్నా, ఒక ఓటమి తర్వాత తొందరగా వెనక్కి తగ్గారు. ఇక్కడ రెండు షరతులు గుర్తుంచుకోవాలి. వాళ్ళు ఐదో తరగతి పిల్లలు, ఆరేళ్ళవాళ్ళు కారు. తర్వాత వచ్చిన సమీక్షల్లో, ఈ ఆలోచన మీద నడిపిన బడి కార్యక్రమాల ఫలితం సగటున చిన్నదేనని తేలింది. కాబట్టి "సైంటిస్టయిపోద్ది" అన్న ఒక్క మాటతో పిల్ల చెడిపోదు. ఆ మాట ఓడ గురించి ఏమీ చెప్పదు, అంతే. "నట్లు అటు జరిపాక ఒరగడం మానింది, చూశావా" అన్నది ఓడ గురించిన మాట.

వద్దనేవాళ్ళ వాదనలోనూ పస ఉంది

ఊహాటలు బుర్రను పెంచుతాయని ధీమాగా చెప్పేవాళ్ళు చాలామంది. 2013లో ఆంజెలిన్ లిలార్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, ఊహాటే కారణమని చెప్పడానికి ఆధారాలు గట్టిగా లేవని తేల్చింది. ఊహాట ఎక్కువాడే పిల్లల ఇళ్ళలో మాటలూ ఎక్కువే ఉండొచ్చు. లాభం దేనివల్లో విడదీయడం కష్టం. దానివల్ల నష్టమని మాత్రం ఎవరూ చూపించలేదు. అయితే దీన్ని భవిష్యత్తు పెట్టుబడిగా అమ్మడం సరి కాదు.

తీరిక లేదన్నది ఇంకా బరువైన వాదన. తెల్లారకముందే పడవెక్కే తండ్రి, చేపల తట్టతో బరంపురం వెళ్ళే తల్లి మధ్యాహ్నం సీసా ఓడ దగ్గర కూర్చోగలరా? ఇలాంటి ఇళ్ళలో పిల్లలు ఇంకో దారిలో నేర్చుకుంటారు: పెద్దలు పనిచేస్తుంటే పక్కన ఉండి, చూసి, చెయ్యి కలిపి. బార్బరా రోగోఫ్ వంటి పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే, అది తక్కువ రకం నేర్పు కాదని. వల బాగుచేస్తున్న తాత "నీ ఓడకి బెండెంత కట్టినావే?" అని ఒక్క మాట అడిగితే, కుర్చీ వేసుకుని కూర్చున్న గంటకు సమానం.

"అబద్ధం ఎందుకు చెప్పాలి" అన్నది మూడో వాదన. "వెళ్ళగలవు" అని నమ్మించడాన్ని ఎవరూ సమర్థించరు. "ఈ పెట్టెతో వెళ్ళలేం. వెళ్ళేవాళ్ళు నాలుగు వేళ్ళ మందం గోళంలో వెళ్తారు" అనడంలో అబద్ధమూ లేదు, తలుపు వెయ్యడమూ లేదు.

పథకం వెనక భయమో దుఃఖమో ఉన్నప్పుడు

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్నీ గజపతి జిల్లానూ కుదిపేసింది. ఆ కథలు విని పెరిగే పిల్లలు "తుపానును తోసేసే ఫ్యాను చేస్తాను", "ఇంటిని తాడుతో కొబ్బరిచెట్టుకి కట్టేస్తాను" అంటారు. ఇక్కడ ఫ్యాను రెక్కల లెక్క మొదలుపెడితే గురి తప్పినట్టే. పిల్ల అడుగుతున్నది "మనం ఏమవుతాం?" అని. దానికి నిజమైన జవాబుంది: షెల్టరు ఎక్కడ, ఎప్పుడు వెళ్తాం, సంచిలో ఏముంటాయి. టార్చి సెల్లులు చూసే పని పిల్లకివ్వొచ్చు. ఫ్యాను ఆ తర్వాత కట్టుకోవచ్చు.

చనిపోయిన తాత ఉన్న చుక్క దాకా నిచ్చెన కడతానన్న పిల్లాడిది ఇంకా సున్నితం. చావు తిరిగిరానిదని చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య అర్థమవుతుంది. ఆలోగా "కట్టు, తాతని చూద్దాం" అంటే అది ప్రోత్సాహం కాదు, మోసం. నిచ్చెన బొమ్మ గీసుకోవచ్చు, తాత గురించి మాట్లాడుకోవచ్చు. తాత దిగి రాడని మాత్రం మెత్తగా, స్పష్టంగా చెప్పాల్సిందే.

రెండు భాషల పిల్లలు పేరు పెట్టేటప్పుడు

తెలుగు పాఠ్యపుస్తకం మాట 'జలాంతర్గామి' ఆరేళ్ళ నాలుకకు పెద్ద గుండు. ఒడియాలో అది 'బుడాజాహాజ', అంటే మునిగే ఓడ అని విన్నవెంటనే అర్థమైపోతుంది. ఇంట్లో ములిగే ఓడ, బడిలో బుడాజాహాజ, ఫోన్లో సబ్‌మెరైన్. మూడింటిలో ఏది వాడినా దిద్దాల్సిన పని లేదు. పథకాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు పిల్ల చెప్పింది చెప్పినట్టు పెద్దలు రాసిపెడితే ("ఇక్కడ గాలి దూరుద్ది, ఇక్కడ నేను కూకుంటాను") అది మర్నాడు మళ్ళీ చూసుకోవడానికి పనికొస్తుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ దశలో ఆట, ఇంటి భాష ముఖ్యమని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. సరిహద్దు జిల్లాల్లో ఇంటి భాషా బడి భాషా వేరు కాబట్టి ఆ మాటను నిలబెట్టే భారం చాలావరకు ఇంటి మీదే పడుతుంది.

రాజీ లేని నాలుగు చోట్లు

నీళ్ళు: ప్రయోగం బకెట్టులో, పెద్దవాళ్ళు చేతికందేంత దూరంలో ఉండగా. అయిపోగానే బకెట్టు ఒంపెయ్యాలి, తప్పటడుగుల తమ్ముడు తలకిందులుగా పడితే లేవలేడు. సముద్రంలో పరీక్ష లేదు. ఈ తీరంలో అలలు మోకాలి లోతులోనే పెద్దల కాళ్ళు లాగేస్తాయి.

గాలి: పిల్ల దూరే పెట్టెకు కనీసం రెండు వైపులు తెరిచే ఉండాలి. పాత ఫ్రిజ్జు, ట్రంకు పెట్టె, బయట గడియ ఉన్నది ఏదైనా ఓడకు పనికిరాదు. తలకు ప్లాస్టిక్ సంచి 'హెల్మెట్' అసలే కాదు.

అంచులు: పెరిస్కోపుకు రెండు చిన్న అద్దాలు 45 డిగ్రీల వాలులో పెడితే గోడ అవతల కనిపిస్తుంది (వాలు తప్పితే సొంత గడ్డం కనిపిస్తుంది, పిల్లలకు అదే ఎక్కువ నవ్వు). అద్దాల అంచులకు ముందే గుడ్డ టేపు చుట్టాలి.

ఫొటో: పిల్ల ముఖం, బడి పేరు, ఇంటి వీధి కనిపించేలా పెట్టిన వీడియో వెనక్కి రాదు.

ఓడ ఎప్పుడు ఆగిపోతుంది

మూడో రోజో ఐదో రోజో పిల్ల పెట్టె వైపు చూడటం మానేస్తుంది. "మొదలుపెట్టినది పూర్తి చెయ్యాలి" అని చాలా ఇళ్ళలో ఇక్కడ గొడవ. బడి లెక్కలకు ఆ నియమం సరే. సొంతంగా మొదలైన పథకం ప్రశ్న తీరినప్పుడు ఆగుతుంది, వస్తువు తీరినప్పుడు కాదు. సీసా మునిగి తేలిందంటే ఆమె ఓడ అయిపోయింది, పెట్టెకు రెండో కిటికీ లేకపోయినా. తర్వాత అదే పెట్టె కిరాణా కొట్టవుతుంది, పిల్లి ఇల్లవుతుంది.

సముద్రపు గాలికి అట్ట వారం రోజుల్లో మెత్తబడుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. అప్పుడు పొయ్యిలోకే. పెట్టేముందు టేపంతా పీకెయ్యాలి, కాలిన ప్లాస్టిక్ పొగ మంచిది కాదు. దానికన్నా ముందు ఓడ యజమానిని ఒక మాట అడగాలి.